భుజ శస్త్రచికిత్సలో నాడీ నిరోధ పద్ధతులు: చారిత్రక, తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

భుజానికి శస్త్రచికిత్స చేసే సమయంలో చేతికి వెళ్లే నాడులను మాత్రమే మొద్దుబార్చే ప్రయత్నాలు 1884లో కొకైన్ వినియోగం వెలుగులోకి వచ్చిన వెంటనే మొదలయ్యాయి. ఆనాటి నుంచి నేటి వరకు అనేక పద్ధతులు వచ్చాయి. వాటిలో ఏది మేలైనదన్న ప్రశ్నకు ఒక్కో కాలం ఒక్కో సమాధానం ఇచ్చింది. ఈ సమాధానాలు మారడానికి కొత్త మందులు, కొత్త సూదులు మాత్రమే కారణం కాదని, వైద్యులు దేన్ని కొలిచారన్నదే ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రోగి మాట, విద్యుత్ స్పందన, అల్ట్రాసౌండ్ చిత్రం అనే మూడు ఆధారాల నేపథ్యంలో ఇంటర్‌స్కేలీన్ నిరోధాన్ని, దానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన పద్ధతులను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ప్రాంతీయ అనస్తీషియా, భుజనాడీ జాలం, ఇంటర్‌స్కేలీన్ నిరోధం, ఫ్రెనిక్ నాడి, ఉదరవితానం, హైదరాబాదు క్లోరోఫారం కమిషన్.

ఉపోద్ఘాతం

తెలుగులో అనస్తీషియాకు ‘మత్తు’ అనే మాట స్థిరపడింది. ఇచ్చే మందు మత్తుమందు, ఇచ్చే వైద్యులు మత్తు డాక్టరు. క్లోరోఫారం, ఈథర్ వాడిన కాలానికి ఈ మాట సరిగ్గా సరిపోయింది. అప్పట్లో నొప్పి తెలియకుండా ఉండాలంటే రోగి స్పృహ కోల్పోవలసిందే. అయితే ఒక అవయవానికి వెళ్లే నాడులను మాత్రమే మొద్దుబార్చినప్పుడు మత్తు ఉండదు. రోగి మెలకువగా ఉండి మాట్లాడగలరు. చెయ్యి మాత్రం బరువెక్కి తనది కానట్టు అనిపిస్తుంది. ఈ స్థితికి వాడుకలో దగ్గరగా ఉన్న మాట ‘తిమ్మిరి’. వైద్యులు ‘నర్వ్ బ్లాక్’ అని పిలిచే ఈ ప్రక్రియను ఈ వ్యాసంలో నాడీ నిరోధం అని వ్యవహరించడం జరిగింది.

మిగతా కీళ్లతో పోలిస్తే భుజం విషయంలో నాడీ నిరోధానికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. మోకాలికి వెళ్లే నాడులను మొద్దుబార్చితే దాని ప్రభావం కాలి వరకే ఉంటుంది. భుజానికి వెళ్లే నాడులు మెడలో పుడతాయి. ఊపిరికి ఆధారమైన నాడి కూడా అక్కడే, వాటిని దాదాపు ఆనుకొని సాగుతుంది. అందువల్ల భుజం నొప్పిని ఆపే సూది శ్వాసలో కొంత భాగాన్ని కూడా ఆపే అవకాశం ఉంది. ఈ సంగతిని వైద్యశాస్త్రం ఎప్పుడు, ఎలా గుర్తించింది, గుర్తించాక పద్ధతుల తులన ఎలా మారింది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు.

భుజం నాడీ నిర్మాణం

మెడ వెన్నెముక నుంచి వచ్చే ఐదు, ఆరు, ఏడు, ఎనిమిదవ నాడీ మూలాలు, ఛాతీ వెన్నెముక నుంచి వచ్చే మొదటి మూలం కలిసి భుజనాడీ జాలం ఏర్పడుతుంది. ఇంగ్లీషులో దీనిని బ్రాకియల్ ప్లెక్సస్ అంటారు. ఈ మూలాలు మెడ పక్కన ముందు, మధ్య స్కేలీన్ కండరాల నడుమ ఉన్న సందు గుండా బయటికి వస్తాయి. ఐదు, ఆరు మూలాలు కలిసి పై కాండం అవుతుంది. భుజపు కీలుకు స్పర్శజ్ఞానాన్ని ఇచ్చే నాడులలో అధిక భాగం ఈ పై కాండం నుంచే వస్తాయి. వాటిలో ముఖ్యమైనది సుప్రాస్కాపులర్ నాడి. కీలుకు అందే స్పర్శజ్ఞానంలో సుమారు 70 శాతం దీని ద్వారానే అందుతుందని శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుల అంచనా. మిగిలిన భాగంలో ఆగ్జిలరీ నాడిది ప్రధాన పాత్ర. భుజం పైభాగపు చర్మానికి మాత్రం మెడకు చెందిన మూడు, నాలుగు మూలాల నుంచి వచ్చే వేరే నాడులు ఉన్నాయి.

ఫ్రెనిక్ నాడి మెడలోని మూడు, నాలుగు, ఐదు మూలాల నుంచి పుడుతుంది. ఇది ముందు స్కేలీన్ కండరం మీదుగా కిందికి దిగి, ఛాతీని దాటి, డయాఫ్రం అనే ఉదరవితానాన్ని చేరుతుంది. శ్వాసక్రియలో ప్రధాన కండరం ఉదరవితానమే. కుడి, ఎడమ భాగాలకు వేర్వేరు ఫ్రెనిక్ నాడులు ఉన్నాయి. ఒక వైపు నాడి మొద్దుబారితే ఆ వైపు ఉదరవితానం కదలదు. ఆరోగ్యవంతులలో రెండో సగం ఆ లోటును చాలావరకు భర్తీ చేస్తుంది. అందుకే ఈ ప్రభావం చాలాకాలం పాటు వైద్యుల దృష్టికి పూర్తిగా రాలేదు.

తొలి దశ: కత్తి నుంచి సూదికి

1884 సెప్టెంబరులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన నేత్రవైద్యుల సమావేశంలో వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ పరిశోధనను చదివి వినిపించారు. కొకైన్ ద్రావణం వేస్తే కంటి ఉపరితలం మొద్దుబారుతుందన్నది అందులోని సారాంశం. కొద్ది నెలల్లోనే న్యూయార్కులో విలియం హాల్‌స్టెడ్, ఆయన సహచరులు ఇదే మందును నాడుల దగ్గర ప్రయోగించి చూశారు. హాల్‌స్టెడ్ మెడలోని నాడీ మూలాలను కత్తితో కోసి బయటపెట్టి, కళ్లతో చూస్తూ వాటికి కొకైన్ ఎక్కించారు. భుజనాడీ జాలంపై జరిగిన తొలి నిరోధం ఇదే. తమ మీద తామే ప్రయోగాలు చేసుకున్న హాల్‌స్టెడ్ బృందం కొకైన్ వ్యసనానికి లోనైంది. 1897లో జార్జ్ క్రైల్ కూడా నాడులను కోసి బయటపెట్టే పద్ధతినే అనుసరించారు. నొప్పి తెలియకుండా చేయడానికి ముందు మరో కోత పెట్టవలసి రావడం ఈ దశకు ఉన్న పరిమితి.

సరిగ్గా ఈ సంవత్సరాలలోనే హైదరాబాదులో అనస్తీషియాకు సంబంధించిన మరో వివాదం నడిచింది. క్లోరోఫారం ఇచ్చినప్పుడు సంభవించే మరణాలకు మూలం గుండె ఆగడమా, శ్వాస ఆగడమా అన్నది ఆ వివాదం. నిజాం ప్రభుత్వ వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్, 1889లో రెండవది ఏర్పడ్డాయి. రెండవ కమిషన్‌కు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసహాయం చేయగా, లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, ముందుగా ఆగేది శ్వాసేనని, కాబట్టి వైద్యులు శ్వాసనే గమనించాలని కమిషన్ నిర్ధారించింది. శ్వాసను గమనించాలన్న సూచన విలువైనదే. అయితే గుండె నేరుగా ఆగదన్న భావన నిలవలేదు. తక్కువ మోతాదు క్లోరోఫారంతో కూడా గుండె లయ తప్పి మరణం సంభవించవచ్చని 1911లో ఎ. జి. లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలతో నిరూపించారు. ప్రయోగాల సంఖ్య ఎంత పెద్దదైనా, చూడని చోట ఉన్న ప్రమాదం లెక్కలోకి రాదని ఈ ఉదంతం తెలియజేస్తుంది. భుజనాడీ నిరోధ చరిత్రలోనూ ఇదే విషయం తరువాతి కాలంలో పునరావృతమైంది.

కొకైన్‌కు బదులుగా ఆల్ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకైన్ 1905 నుంచి హైన్రిష్ బ్రౌన్ కృషితో వాడుకలోకి వచ్చింది. విషప్రభావం తక్కువగా ఉన్న ఈ మందుతో చర్మం మీదుగా సూది గుచ్చి నిరోధం చేయడం సాధ్యమైంది. 1911లో ఇద్దరు జర్మన్ వైద్యులు వేర్వేరుగా రెండు మార్గాలను ప్రకటించారు. గేయోర్గ్ హిర్షెల్ చంక గుండా వెళ్లే మార్గాన్ని, డీడ్రిష్ కూలెన్‌కాంఫ్ జత్రుక పైనుంచి వెళ్లే మార్గాన్ని వివరించారు. కూలెన్‌కాంఫ్ ఈ పద్ధతిని ముందు తన మీదే పరీక్షించుకున్నారు. చంక మార్గంలో మందు నాడుల చివరి భాగాలకే చేరుతుంది కాబట్టి అది మోచేతికి, అరచేతికి పనికివస్తుందే తప్ప భుజానికి చాలదు. జత్రుక మార్గం చేతిని బాగా మొద్దుబార్చేది. కాని మొదటి పక్కటెముక దాటి సూది జారితే ఊపిరితిత్తి పైపొరకు రంధ్రం పడి గాలి ఛాతీలో చేరేది. ఈ ప్రమాదం 0.5 నుంచి 6 శాతం వరకు ఉన్నట్టు ఆ తరువాతి గ్రంథాలు పేర్కొన్నాయి. ఆ విధంగా ఈ దశలో పద్ధతులను పోల్చడానికి రెండే ప్రమాణాలు ఉన్నాయి. చెయ్యి మొద్దుబారిందా అన్నది మొదటిది. ఊపిరితిత్తికి సూది తగిలిందా అన్నది రెండవది.

రోగి మాటే ఆధారం: విన్నీ పద్ధతి

స్కేలీన్ కండరాల మధ్య నుంచి నాడులను చేరే మార్గాన్ని 1925లోనే ఎతియెన్ వివరించినప్పటికీ అది ప్రచారం పొందలేదు. ఈ మార్గానికి శాస్త్రీయ రూపం ఇచ్చిన వ్యక్తి షికాగోకు చెందిన ఆలన్ విన్నీ. వెన్నెముక నుంచి చంక వరకు భుజనాడీ జాలం చుట్టూ ఒకే పొర ఒక తొడుగులా ఉంటుందని, ఆ తొడుగులో ఎక్కడ మందు వేసినా అది నాడుల వెంట వ్యాపిస్తుందని ఆయన సిద్ధాంతీకరించారు. 1970లో ప్రచురించిన వ్యాసంలో, గొంతులోని క్రైకాయిడ్ మృదులాస్థి ఎత్తులో రెండు స్కేలీన్ కండరాల మధ్య ఉన్న పల్లాన్ని వేలితో గుర్తించి, అక్కడ ఒకే సూదితో మందు ఎక్కించే విధానాన్ని వివరించారు. సూది ఊపిరితిత్తికి దూరంగా ఉండడం, మందు సరిగ్గా భుజానికి వెళ్లే మూలాల దగ్గరే చేరడం దీనికి ఉన్న రెండు గొప్ప అనుకూలతలు. చిటికెన వేలి వైపు నాడులు దీనికి సరిగా లొంగకపోవచ్చు. భుజ శస్త్రచికిత్సకు అది అడ్డంకి కాదు. కొద్దికాలంలోనే భుజానికి ఇదే ప్రామాణిక పద్ధతి అయింది.

సూది నాడిని చేరిందని తెలుసుకోవడానికి అప్పట్లో ఉన్న ప్రధాన సాధనం రోగి మాట. సూది మొన నాడిని తాకగానే చేతిలోకి ఏదో జివ్వున పాకినట్టు, కరెంటు కొట్టినట్టు అనిపిస్తుంది. రోగి ఆ మాట చెప్పగానే వైద్యుడు సూదిని అక్కడే నిలిపి మందు ఎక్కించేవాడు. ఈ విధంగా చూస్తే రోగి అనుభవాన్ని చెప్పే భాషే ఆనాటి కొలత పరికరం. విద్యుత్ ప్రవాహంతో నాడిని గుర్తించవచ్చని పెర్తెస్ 1912లోనే చూపారు. 1962లో గ్రీన్‌బ్లాట్, డెన్సన్ చేతితో పట్టుకోదగిన చిన్న పరికరాన్ని పరిచయం చేశాక ఈ మార్గం క్రమంగా వ్యాప్తి చెందింది. స్వల్ప విద్యుత్తుకు కండరం అదిరితే సూది నాడి దగ్గర ఉన్నట్టు. రోగి చెప్పవలసిన మాటను ఇక్కడ కండరం చెబుతుంది.

రోగి మాట అవసరం తగ్గడం వల్ల పూర్తి మత్తులో ఉన్నవారికి కూడా ఈ నిరోధం చేసే అలవాటు కొన్నిచోట్ల ఏర్పడింది. దాని పర్యవసానాన్ని 2000లో జోనథన్ బెనుమాఫ్ ప్రకటించిన నాలుగు కేసులు వెల్లడించాయి. పూర్తి మత్తులో ఉండగా ఇంటర్‌స్కేలీన్ నిరోధం చేసిన నలుగురు రోగులలో మెడ వెన్నుపాముకు శాశ్వత నష్టం జరిగింది. మెలకువగా ఉన్న రోగి సూది తప్పుదారి పట్టినప్పుడు తీవ్రమైన నొప్పిని తెలియజేసే అవకాశం ఉంది. పూర్తి మత్తులో ఆ హెచ్చరిక పూర్తిగా లోపిస్తుంది. పెద్దవారికి ఈ నిరోధాన్ని సాధ్యమైనంత వరకు మెలకువగానో, స్వల్ప నిద్రావస్థలోనో చేయాలన్న జాగ్రత్త ఈ అనుభవంతో బలపడింది.

కొలత తెచ్చిన మలుపు

ఇంటర్‌స్కేలీన్ నిరోధం తరువాత కొందరికి ఊపిరి భారంగా అనిపించడం, గొంతు బొంగురుపోవడం, ఆ వైపు కనురెప్ప వాలడం వంటివి వైద్యులకు ముందు నుంచే తెలుసు. ఫ్రెనిక్ నాడి కూడా కొందరిలో మొద్దుబారుతుందని వారు ఎరుగుదురు. అయితే ఇది అప్పుడప్పుడు కనిపించే ఉపఫలితమన్న భావనే ఎక్కువగా ఉండేది. 1991లో న్యూయార్కులో విలియం ఉర్మీ, ఆయన సహచరులు నిరోధానికి ముందు, తరువాత ఉదరవితానం కదలికను అల్ట్రాసౌండుతో పరిశీలించారు. పరీక్షించిన రోగులందరిలో, అంటే నూటికి నూరు శాతం మందిలో, ఆ వైపు ఉదరవితానం పక్షవాతానికి గురైనట్టు తేలింది. ఆ మరుసటి సంవత్సరం వెలువడిన అధ్యయనంలో, గట్టిగా వదిలే ఊపిరి పరిమాణం నాలుగో వంతుకు పైగా తగ్గినట్టు నమోదైంది.

ఈ ఫలితం ప్రాముఖ్యం గమనార్హం. 1991లో పద్ధతి మారలేదు, మందు మారలేదు. రోగుల శరీరాలలో ఇరవై ఏళ్లుగా జరుగుతున్నదే అప్పుడూ జరిగింది. మారింది కొలిచిన అంశం మాత్రమే. రోగి ఫిర్యాదు చేస్తేనే లెక్కించిన కాలంలో అరుదుగా కనిపించిన ప్రభావం, ప్రతి ఒక్కరిలో వెతికినప్పుడు సార్వత్రికమని తేలింది. హైదరాబాదు కమిషన్ శ్వాస మీదే దృష్టి నిలిపి గుండెకు ఉన్న ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేసింది. ఇక్కడ నొప్పి నివారణ మీద నిలిచిన దృష్టి శ్వాసకు కలిగే నష్టాన్ని తక్కువగా అంచనా వేసింది. రెండు సందర్భాలలోనూ పరిశోధకుల చిత్తశుద్ధికి లోటు లేదు. వారు అడిగిన ప్రశ్నకే పరిమితి ఉంది.

ఆరోగ్యవంతుడైన యువ క్రీడాకారుడికి ఈ తగ్గుదల పెద్దగా తెలియకపోవచ్చు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, స్థూలకాయులకు, ఇప్పటికే రెండో వైపు ఉదరవితానం బలహీనపడినవారికి ఇదే ప్రాణాపాయం కావచ్చు. జారిపడి భుజం విరిగిన వృద్ధులలో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు తరచుగా కనిపిస్తారు. అలాంటివారికి పూర్తి మత్తు ఇవ్వడమూ ప్రమాదమే, ఇంటర్‌స్కేలీన్ నిరోధమూ ప్రమాదమే. ఈ సందిగ్ధమే తరువాతి కాలపు పరిశోధనకు దిశానిర్దేశం చేసింది.

మోతాదు తగ్గింపు, స్థాన మార్పు

జత్రుక మార్గంలో చేసే నిరోధాన్ని అల్ట్రాసౌండ్ చిత్రం చూస్తూ చేసే విధానాన్ని 1994లో వియన్నాకు చెందిన స్టెఫాన్ కాప్రాల్ బృందం వివరించింది. నాడి, రక్తనాళం, ఊపిరితిత్తి పైపొర, సూది మొన, మందు వ్యాపించే తీరు అన్నీ తెరమీద కనిపించడం వల్ల పాత భయాలలో కొన్ని తగ్గాయి. ఇంటర్‌స్కేలీన్ నిరోధానికి వచ్చిన మరో లాభం మోతాదు తగ్గింపు. విన్నీ కాలంలో 20 నుంచి 40 మిల్లీలీటర్ల మందు వాడేవారు. 2008లో షీలా రియాజీ బృందం టొరంటోలో 20 మిల్లీలీటర్లు ఇచ్చినవారిని, 5 మిల్లీలీటర్లు ఇచ్చినవారిని పోల్చింది. మొదటి వర్గంలో అందరికీ ఉదరవితాన పక్షవాతం కలిగింది. రెండవ వర్గంలో అది 45 శాతానికి తగ్గింది. మొదటి 24 గంటల నొప్పి నివారణలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. అంటే అదనంగా ఇచ్చిన మందు నొప్పిని మరింతగా తగ్గించకుండానే శ్వాసను దెబ్బతీసిందన్నమాట.

మోతాదు తగ్గించినా దాదాపు సగం మందికి సమస్య మిగిలింది. దీనికి కారణం దూరం. క్రైకాయిడ్ ఎత్తులో ఫ్రెనిక్ నాడి భుజనాడీ జాలానికి సుమారు 2 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుందని, మెడలో ఒక్కో సెంటీమీటరు కిందికి దిగేకొద్దీ ఆ దూరం మరో 3 మిల్లీమీటర్లు పెరుగుతుందని 2008లో కెస్లర్ బృందం అల్ట్రాసౌండ్ అధ్యయనం చూపింది. దీనిని బట్టి సూదిని కిందికి మార్చడమే పరిష్కారమన్న ఆలోచన బలపడింది.

ప్రత్యామ్నాయ పద్ధతుల తులన

ఈ ఆలోచన నుంచి రెండు ప్రధాన మార్గాలు వచ్చాయి. మొదటిది మెడను పూర్తిగా విడిచిపెట్టి, నాడులను భుజం దగ్గరే నిరోధించడం. సుప్రాస్కాపులర్ నాడీ నిరోధం కొత్తది కాదు. వెర్ట్‌హైమ్, రోవెన్‌స్టైన్ 1941లోనే దీనిని వివరించారు. దీనికి ఆగ్జిలరీ నాడీ నిరోధాన్ని జోడించి, ఇంటర్‌స్కేలీన్‌కు ప్రత్యామ్నాయంగా ‘భుజ నిరోధం’ అన్న పేరుతో 2007లో డార్సీ ప్రైస్ ప్రతిపాదించారు. సుప్రాస్కాపులర్ నాడిని వీపు వైపు నుంచి చేరితే ఫ్రెనిక్ నాడికి మందు చేరే అవకాశం చాలా తక్కువ. చెయ్యి కదలిక కూడా చాలావరకు నిలుస్తుంది. అయితే కీలుకు వెళ్లే కొన్ని నాడులు దీనికి లొంగవు. అందువల్ల దీనిని పూర్తి మత్తుకు తోడుగా, శస్త్రచికిత్స తరువాతి నొప్పి కోసం వాడతారే తప్ప దీని మీద మాత్రమే ఆధారపడి శస్త్రచికిత్స చేయడం కష్టం. శస్త్రచికిత్స ముగిసిన తొలి గంటలలో ఇంటర్‌స్కేలీన్ అందించే ఉపశమనం ఎక్కువ.

రెండవది పై కాండ నిరోధం. ఐదు, ఆరు మూలాలు కలిసిన తరువాత, సుప్రాస్కాపులర్ నాడి విడిపోవడానికి ముందు ఉన్న చోట మందు వేయడం దీని లక్షణం. భుజానికి వెళ్లే ముఖ్యమైన నాడులు ఇంకా కలిసే ఉంటాయి. ఫ్రెనిక్ నాడి అప్పటికి దూరం జరిగి ఉంటుంది. 2019లో న్యూయార్కులో డేవిడ్ కిమ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో పూర్తి ఉదరవితాన పక్షవాతం ఇంటర్‌స్కేలీన్ వర్గంలో సుమారు 71 శాతం మందికి, పై కాండ వర్గంలో సుమారు 5 శాతం మందికి కలిగింది. నొప్పి నివారణలో పై కాండ నిరోధం తీసిపోలేదు. అయితే ఇది చిత్రాన్ని చక్కగా చదవగల నైపుణ్యం మీద, ఆ పరికరం అందుబాటు మీద ఆధారపడిన పద్ధతి. పైగా పక్షవాతం పూర్తిగా తొలగలేదు, తగ్గింది మాత్రమే.

ఈ పద్ధతులను ఒకే వరుసలో ఉంచి ఉత్తమమైనది ఒకటేనని చెప్పడం సరికాదు. శ్వాస బలంగా ఉండి, మెలకువగానే శస్త్రచికిత్స జరగవలసిన రోగికి ఇంటర్‌స్కేలీన్ నిరోధం నేటికీ సమర్థమైనదే. శ్వాసలో కొంత తగ్గుదలను మాత్రమే భరించగల రోగికి, నైపుణ్యం, పరికరం ఉన్నచోట పై కాండ నిరోధం మేలు. ఏ కొద్ది తగ్గుదలనూ భరించలేని రోగికి సుప్రాస్కాపులర్, ఆగ్జిలరీ నిరోధాల కలయికే సురక్షితం. ఆ రోగి విషయంలో తొలి గంటల నొప్పిని ఇతర మందులతో అదుపు చేయవలసి వస్తుంది.

సమ్మతి – తెలుగు మాట

ఈ తులనకు తెలుగునాట ఒక ఆచరణాత్మక పార్శ్వం ఉంది. శస్త్రచికిత్సకు ముందు రోగి సమ్మతి తీసుకునేటప్పుడు ‘మత్తు ఇస్తాం’ అన్న ఒక్క మాటతో ముగిస్తే, రోగి నిద్రను ఊహించుకుంటారు. నిరోధం తరువాత మెలకువగా ఉండి, ఒక పక్క రెప్ప వాలి, గొంతు బొంగురుపోయి, ఊపిరి నిండుగా అందనట్టు అనిపిస్తే అది పక్షవాతమేమోనని భయపడతారు. ‘చెయ్యి తిమ్మిరెక్కి బరువవుతుంది, మీరు మెలకువగానే ఉంటారు, ఒక పక్క ఊపిరి కొన్ని గంటలు తగ్గవచ్చు, ఆయాసం అనిపిస్తే వెంటనే చెప్పండి’ అన్న నాలుగు మాటలు ఆ భయాన్ని తొలగిస్తాయి. అంతేకాదు, సూది గుచ్చేటప్పుడు ‘జివ్వుమంది’ అని గాని, ‘భరించలేని నొప్పి’ అని గాని రోగి చెప్పే మాట నేటికీ ఒక రక్షణే. తెర మీది చిత్రం ఆ మాటకు తోడు కాగలదు గాని దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమించలేదు. వైద్య తెలుగు పదకోశాలు కూర్చేవారు మత్తు, తిమ్మిరి, మొద్దుబారడం అనే మూడు మాటల మధ్య భేదాన్ని స్పష్టపరచవలసిన అవసరం ఇక్కడ ఉంది.

ముగింపు

హాల్‌స్టెడ్ కత్తి నుంచి నేటి అల్ట్రాసౌండ్ తెర వరకు సాగిన ఈ చరిత్రను కేవలం సాంకేతిక పురోగతిగా చూడడం అసంపూర్ణం. తొలి దశలో చెయ్యి మొద్దుబారడమే విజయం. కూలెన్‌కాంఫ్ తరువాత ఊపిరితిత్తి చెక్కుచెదరకపోవడం దానికి తోడైంది. 1991 తరువాత ఉదరవితానం కదలడం తోడైంది. ప్రతి కొత్త ప్రమాణమూ అంతకుముందు ఉత్తమమనుకున్న పద్ధతిని తిరిగి పరీక్షకు నిలిపింది. కాబట్టి ఏ రెండు పద్ధతుల తులనను చదివినా, ఏది గెలిచిందన్నదాని కంటే ముందు ఏ కొలతతో గెలిచింది, ఏ రోగులలో గెలిచింది అన్న ప్రశ్నలు వేయాలి. ఊపిరితిత్తుల జబ్బుతో, విరిగిన భుజంతో ఆసుపత్రికి వచ్చే వృద్ధుల క్షేమం ఈ ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది.